కిటికీలు మూసుకున్న ఇల్లు

యేసుపాదం ఆ రోజు డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలోనే వాంతి చేసుకున్నాడు.

గ్రేసీ చేతిలోని చేట కింద పెట్టేసి పరుగెత్తింది. మొగుడు గోడ పట్టుకుని వంగి ఉన్నాడు. నుదుటి మీద చెమట, ఖాకీ చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది.

"ఏటైనాది మావా? బయటేటన్నా తిన్నావేటి?"

"నేదే. నువ్వు కట్టిన కారేజీయే తిన్నాను. మజ్జాన్నం కాడ్నుంచీ కడుపులో తిప్పతన్నాది."

"ఎండ దెబ్బరా అది," అంది లోపలి నుంచి గురమ్మ. "మజ్జిగలో ఉప్పేసి ఇయ్యే కోడలా."

మజ్జిగ తాగాక అతను కాస్త తేరుకున్నాడు. బడి నుంచి వచ్చిన కూతురు రీనా ఒళ్లో ఎక్కబోతే తొడ మీద చెయ్యి అడ్డం పెట్టి, "ఇక్కడ కాదు తల్లీ, సుర్రుమంటన్నాది," అని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పిల్ల మూతి ముడుచుకునేలోగా జేబులో చెయ్యి పెట్టి ఒక ముక్క బయటికి తీశాడు. వేలెడు పొడవు, సైకిల్ బ్రేకు తీగలా మెలితిరిగిన ఉక్కు తీగ. ఒక చివర చిన్న గుండు, రెండో చివర గింజంత నున్నటి తొడుగు. దీపం కింద తళుక్కుమంది.

"పట్టాల పక్కన దొరికినాది. ఎలగుంది?"

రీనాకి తెగ నచ్చింది. కాసేపు వేలికి చుట్టుకుని ఆడింది. తరవాత నానమ్మ అన్నానికి పిలిస్తే వదిలేసి పోయింది. యేసుపాదం దాన్ని ఇంటి తాళాల గుత్తికి సన్నటి తీగతో కట్టి, ముందు గదిలో గోడకున్న మేకుకి తగిలించాడు.

అది ఏమిటో గ్రేసీకి అంతా అయిపోయాక చెప్పారు. వాళ్లుండేది బస్తర్లో, బచేలికి ఇవతల, ఇనుప ఖనిజం మోసే కేకే రైలు లైను మీద ఒక చిన్న స్టేషను దగ్గర. కొండ మలుపులో పదో పన్నెండో రైల్వే క్వార్టర్లు. అక్కడే పట్టాల కింద నుంచి ఒక కొత్త నీళ్ల పైపు వేస్తున్నారు. పైపు అతుకులు సరిగ్గా పడ్డాయో లేదో చూడడానికి, ఆసుపత్రిలో ఎముకకి ఎక్స్‌రే తీసినట్టు, వాటికీ తీస్తారట. అలా తీసే పెట్టెలో ఉండాల్సిన ముక్క అది. కాంట్రాక్టరు మనుషులు పెట్టె సరిగ్గా బిగించకుండా మోసుకుపోతుంటే జారి కంకరలో పడింది. కీమాన్ డ్యూటీలో పట్టాలు చూసుకుంటూ నడిచే యేసుపాదం కంట పడింది. పొద్దున్నించీ సాయంత్రం దాకా అతని ప్యాంటు జేబులో ఉంది. ముక్క పోయిందని తెలిసి కూడా కాంట్రాక్టరు ఆ రోజంతా నోరు మెదపలేదు.

మర్నాడు సాయంత్రానికి గాని ఆ సంగతి బయటికి పొక్కలేదు. పొక్కింది కూడా ఉన్నది ఉన్నట్టుగా కాదు.

మొదట వచ్చింది పక్క క్వార్టరు కల్యాణి. ఆమె భర్త శ్యామ్‌ప్రసాద్ స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చి, ఫోను గ్రేసీ మొహం ముందు పెట్టింది.

"సూసినావేటే? మన బస్తర్లోనే. రేడియేషను లీకయిపోనాదంట!"

ఫోనులో ఎర్రటి అక్షరాలు మెరుస్తున్నాయి. వెనక ఏ దేశానిదో, పొగ కక్కుతున్న పెద్ద పెద్ద గొట్టాలు. గ్రేసీ ఇంట్లో టీవీ పెట్టింది. అక్కడా అవే గొట్టాలు. హిందీలో ఒకతను ఊపిరాడనట్టు అరుస్తున్నాడు. విషవాయువు గాలిలో కలిసిందనీ, గాలి వాటు తోంగ్‌పాల్ మీదుగా సుక్మా వైపు ఉందనీ, యాభై కిలోమీటర్ల దాకా ఎవరూ గుమ్మం దాటొద్దనీ, తలుపులు కిటికీలు మూసుకుని సందుల్లో తడిగుడ్డలు కుక్కుకోమనీ చెప్తున్నాడు. పక్కనే మనిషి బొమ్మ ఒకటి పాదాల నుంచి తల దాకా మెల్లగా నల్లబడి, ఎముకలగూడుగా మారుతోంది. అది అయిపోగానే మళ్లీ మొదటికి వచ్చి మళ్లీ నల్లబడుతోంది.

రీనా ఆ బొమ్మనే గుడ్లప్పగించి చూస్తోంది. గ్రేసీ పిల్ల కళ్లు చేత్తో మూసింది.

"ఎంతమంది పోనారంట?" అని అడిగింది గురమ్మ.

"ఒకడు నాలుగంటన్నాడు, ఇంకొకడు నలభై అంటన్నాడు," అంది కల్యాణి. "అది తగిలినోల్లని పట్టుకెల్లి సీకటి గదుల్లో ఏసి తాళాలెట్టీసినారంట. పెళ్లాం పిల్లలకి కూడా సూపించరంట."

కల్యాణి వెళ్లిపోగానే గ్రేసీ చీర కొంగు నడుముకి బిగించింది. వంటింటి కిటికీ, పెరటి తలుపు, ముందు గది కిటికీ, అన్నీ వేసేసింది. గురమ్మ పాత చీరలు చింపి నీళ్లలో ముంచి ఇస్తుంటే సందు సందులో కూరింది. గడప కింద గోనెపట్టా తడిపి వేసింది. యేసుపాదం లేవబోతే వద్దంది. అతను పొద్దున డ్యూటీకి వెళ్లి సగంలోనే తిరిగొచ్చాడు, కాలు ఈడుస్తూ. మంచం మీద పడుకుని తొడ కేసి చూసుకుంటున్నాడు. అరచెయ్యంత మేర చర్మం ఎర్రగా కంది, ముట్టుకుంటే పెనంలా కాలుతోంది.

"గాలి తగిలిపోనాది నీకు," అంది గ్రేసీ. "నిన్న బయటంతా తిరిగినావు కదా. అందుకే ఆ వాంతులు."

"గాలైతే ఒక్క తొడకే తగులుతాదేటే?"

ఆ మాట గ్రేసీ చెవిన పడింది గాని మనసుకి ఎక్కలేదు. ఆమె చూపంతా రీనా మంచం మీదే ఉంది. పిల్ల రోజూ కిటికీ కిందే పడుకుంటుంది. ఎంత గుడ్డ కుక్కినా కిటికీ కిటికీయే. ఏ సందులోంచి దూరి వస్తుందో ఎవరికి తెలుసు? గ్రేసీ మంచాన్ని చరచరా లాగి గది లోపలి గోడకి ఆనించింది. అదే అన్నిటికంటే భద్రమైన చోటు అనుకుంది. పిల్లని పడుకోబెట్టి మెడ దాకా దుప్పటి కప్పింది. తలవైపు గోడకి, చెయ్యి చాచితే అందేంత ఎత్తులో, మేకుకి తాళాల గుత్తి వేలాడుతోంది.

మర్నాడు కల్యాణి పెరటి గోడ మీంచి చిన్న సీసా అందించింది. దెబ్బలకి రాసే టింక్చర్ అయోడిన్. నీళ్లలో పది చుక్కలు వేసుకుని తాగితే రేడియేషన్ అంటదని ఫోనులో వచ్చిందట.

"మా ఆయన తాగీసినాడు. నువ్వూ తాగి, పిల్లకీ పట్టీ బేగి."

గ్రేసీ గ్లాసులో కలిపింది. నీళ్లు గోధుమరంగుకి తిరిగి ఘాటుగా వాసన వేశాయి. రీనా నాలుక మీద పెట్టగానే ఊసేసి ఏడ్చింది. గురమ్మ మాత్రం ప్రభువుని తలచుకుని గ్లాసు ఖాళీ చేసింది. కాసేపటికే గొంతు మండిపోతోందని గింజుకుని, గిన్నెలో వాంతి చేసుకుంది. పక్కింట్లో శ్యామ్‌ప్రసాద్ దగ్గూ వాంతులూ గోడ ఇవతలికి వినిపిస్తున్నాయి. మొదట మొగుడు, ఇప్పుడు అత్త, పక్కింటాయన. టీవీ వాడు చెప్పినట్టే ఒక్కొక్కరూ పడిపోతున్నారు అనుకుంది గ్రేసీ. తరవాత ఎవరి వంతో అనుకుంటూ పిల్ల మొహంలోకి చూసింది.

ఇల్లంతా ఉక్కపోత. తడిగుడ్డల వాసన, వాంతి వాసన, చీకటి. బయట ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు బండి వెళ్తుంటే గోడలు అదిరాయి. ఆ చప్పుడు సద్దుమణిగాక ఎక్కడో దూరంగా మైకు కూత వినిపించింది. హిందీలో ఏదో చెప్తున్నారు. 'ఖత్రా', ప్రమాదం, అన్న మాట ఒక్కటే తెలిసింది. మిగతాది గుడ్డలు కుక్కిన సందుల్లో ఆగిపోయింది. కిటికీ తెరిస్తే వినిపించేది. తెరిచే ధైర్యం ఎవరికుంది?

అది ఆ ముక్క కోసం వెతుకుతున్న ప్రభుత్వం వాళ్ల జీపు. కొండ మలుపు అవతల, రైలు గేటు దగ్గర జనం దాన్ని అడ్డుకున్నారు. ఆ జీపులోనే విషం తెచ్చి ఇక్కడ పారబోస్తున్నారని పొద్దున ఇంకో చానెల్లో వచ్చిందట. రాళ్లు పడ్డాయి, అద్దం పగిలింది. జీపు వెనక్కి తిరిగింది. అందులో వచ్చిన హోమ్‌గార్డు మాత్రం, ప్రకాష్ అనే అతను, దిగి ఒంటరిగా నడుచుకుంటూ క్వార్టర్ల దాకా వచ్చాడు. అతనిది తెలుగు సరిహద్దులోని మరైగూడ. అక్కడి గిరిజనుల దోర్లీ, తెలుగు, హిందీ అన్నీ వచ్చు. అందుకే అతన్ని వెంట తెచ్చుకున్నారు.

గ్రేసీ తలుపు మీద దబదబా చప్పుడైంది.

"అమ్మా, జర తలుపు తియ్యి. ఒక మాట అడిగి పోత."

గ్రేసీ పిల్లని గుండెకి హత్తుకుంది. యేసుపాదం ఏదో చెప్పబోతే నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. కల్యాణి చెప్పిన చీకటి గదులు కళ్ల ముందు తిరిగాయి.

"ఇక్కడెవులికీ జబ్బు నేదు బాబూ. ఎల్లిపో."

"జబ్బు గురించి కాదమ్మా. మీకేమన్న దొరికిందా అని..."

"మాకేటీ దొరకనేదు, మాకేటీ తెల్దు! ఎల్లిపో నాయినా, నీకు దండమెడతాను!"

ఏం దొరికిందని అడుగుతున్నాడో ఆమె ఆలోచించలేదు. టీవీలో గాలి అన్నారు, వాయువు అన్నారు. దొరకడానికి అదేమైనా వస్తువా? ప్రకాష్ ఇంకో రెండు సార్లు తలుపు కొట్టి, పక్కింటి తలుపూ కొట్టి, ఎవరూ తియ్యకపోతే వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ ఏదో గట్టిగా అన్నాడు. శ్యామ్‌ప్రసాద్ దగ్గులో అది కలిసిపోయింది.

ఆ తరవాత గ్రేసీ ఒక నిర్ణయానికి వచ్చేసింది. ఇక్కడుంటే అందరూ చస్తారు. పొద్దుటి పాసింజరు ఎక్కి బొబ్బిలి పోదాం, మా అన్నయ్య ఇంటికి పోదాం అంది. యేసుపాదం కాదనలేదు. తొడ మీద చర్మం అప్పటికి కమిలినట్టు నల్లగా తిరుగుతోంది. నొప్పికి పళ్లు బిగించి మాట్లాడుతున్నాడు.

"డ్యూటీకి సెప్పకుండా పోతే ఉజ్జోగం ఊడుతాది," అన్నాడు ఒక్కసారి, అంతే.

"మనిసుంటే ఉజ్జోగం ఉంటాది," అంది గురమ్మ.

తెల్లారగానే బయల్దేరారు. గ్రేసీ తలుపుకి తాళం వేసి, గుత్తి బట్టల సంచిలో పడేసి, సంచి భుజానికి తగిలించుకుంది. నలుగురూ ముక్కులకి తడి తువ్వాళ్లు కట్టుకున్నారు. యేసుపాదం గురమ్మ భుజం మీద చెయ్యి వేసి కుంటుతున్నాడు. రీనా తల్లి చెయ్యి పట్టుకుని, సంచి పక్కనే నడిచింది.

స్టేషను తిరనాళ్లలా ఉంది. ఎన్నడూ నలుగురైదుగురు మించి ఎక్కని చోట ప్లాట్‌ఫారం నిండా జనం. మూటలు, కోళ్ల గంపలు, కట్టేసిన పరుపులు. కల్యాణి, శ్యామ్‌ప్రసాద్ ముందే వచ్చేశారు. అతని పెదాలు వాచి ఉన్నాయి, మాట రావడం లేదు. మెట్ల దగ్గర పోలీసులు నిలబడి ఉన్నారు. వాళ్లతో పాటు చేతిలో రేడియేషను కొలిచే మీటరు పట్టుకున్న ఒక ఆఫీసరమ్మ, పక్కన ప్రకాష్. ఊళ్లోకి రానివ్వకపోతే, ఊరంతా కదిలి వచ్చే చోటే నిలబడదామని ఆమె రాత్రికి రాత్రి పోలీసులని అడిగి అక్కడికి వచ్చిందట.

గ్రేసీ వాళ్లు ఇంకా గేటు దాటకముందే ఆ మీటరు కూయడం మొదలుపెట్టింది. మొదట టిక్కు టిక్కుమంటూ, తరవాత ఆగకుండా. ఆఫీసరమ్మ తల ఎత్తింది. మీటరుని అటూ ఇటూ తిప్పింది. గ్రేసీ ఒక అడుగు వేసింది. చప్పుడు చెవులు గింగుర్లెత్తేలా పెరిగింది.

"రుకో! వహీ రుకో!" అని, అక్కడే ఆగమంటూ అరిచింది ఆఫీసరమ్మ.

జనం అందరూ ఒక్కసారిగా అటు తిరిగారు. ఎవరో, "ఆమెకే ఉందిరో, ఆమెకే ఉంది!" అని కేక పెట్టారు. అంతే. కోళ్ల గంపలు దొర్లాయి, మనుషుల మీద మనుషులు పడ్డారు, కొందరు పట్టాల మీదికి దూకేశారు. గ్రేసీ చుట్టూ క్షణంలో నేల ఖాళీ అయిపోయింది. కల్యాణి తన కూతురిని చంకనేసుకుని పరుగెడుతూ వెనక్కి చూసింది. ఆ చూపు గ్రేసీ ఎప్పటికీ మరిచిపోలేదు. నిన్న గోడ మీంచి సీసా అందించిన మనిషేనా అనిపించింది.

గ్రేసీ కదల్లేదు. నాకే ఉంది అనుకుంది. నా ఒంట్లోనే ఉంది, పిల్ల చెయ్యి పట్టుకున్నాను, పిల్లకి పోతుంది. వెంటనే తనే రీనా చెయ్యి విదిలించేసింది. పిల్ల బెదిరిపోయి, తల్లి చెయ్యి దొరక్క సంచి పట్టుకుని ఏడవసాగింది.

ప్రకాష్ ముందుకొచ్చి గొంతు చించుకున్నాడు. "అమ్మా! నీకేం కాలె! నీ ఒంట్ల లేదు, నీ సంచిల ఉంది! సంచి కింద పెట్టు, పిల్లను ఎత్తుకొని ఉరుకు, ఇటు ఉరుకు!"

ఆ మాటతో గ్రేసీకి ఒంట్లోకి ప్రాణం వచ్చింది. సంచి జారవిడిచి, రీనాని చేతుల్లోకి లాక్కుని పరుగెత్తింది. గురమ్మ తూలి పడింది. పోలీసు ఒకతను వెళ్లి ఆమెనీ యేసుపాదాన్నీ రెక్క పట్టి లాక్కొచ్చాడు.

ఆఫీసరమ్మతో వచ్చిన ఇద్దరు పొడవాటి పటకారు లాంటిది తీసుకుని వెళ్లారు. కొక్కెం తగిలించిన కర్రతో సంచి దులిపారు. రీనా గౌనులు, బైబిలు, గురమ్మ మందులు, వాటి మధ్య తాళాల గుత్తి. గుత్తి మొత్తాన్నీ పటకారుతో ఎత్తి, సీసం డబ్బాలో వేసి మూత బిగించారు. చూస్తుండగానే అయిపోయింది. మీటరు మళ్లీ టిక్కు, టిక్కు అని నెమ్మదించింది.

"బస్, ఖతమ్," అంది ఆఫీసరమ్మ.

గ్రేసీకి అర్థం కాలేదు. "మరి గాలో?" అని అడిగింది ప్రకాష్‌ని.

అతను హిందీలో అడిగాడు. ఆఫీసరమ్మ చెప్పినదాన్ని తెలుగులో చెప్పాడు. "గాలి లేదు, పొగ లేదు. అంతా ఆ ముక్కలనే ఉంది. దగ్గరుంటే పొయ్యి సెగ లెక్క తగులుతది, కండ్లకు కనపడదు. దూరం పోతే తగ్గుతది. డబ్బాల పెడితే ఆగిపోతది. నీ బట్టలకు అంటలేదు, నీ బిడ్డను ముట్టుకుంటే ఇంకోల్లకు రాదు."

"టీవీలో అలగ సెప్పనేదే."

"ఫోటో పంపినమమ్మా అందరికీ. ముక్క ఇట్లుంటది, కనబడితే ముట్టుకోవద్దు అని. ఎవరూ చూపియ్యలె."

ఆఫీసరమ్మ ఒక్కటొక్కటే అడిగింది. ఎవరికి దొరికింది, ఏ జేబులో పెట్టాడు, ఇంట్లో ఎక్కడుంది. యేసుపాదం చెప్పాడు. చివరికి ఆమె రీనా వైపు చూసి, "బచ్చీ ఎక్కడ పడుకుంది?" అంది.

గ్రేసీ చెప్పడం మొదలుపెట్టింది. "రోజూ కిటికీ కింద పడుకుంటాది. గాలొస్తాదని నేనే మంచం లాగీసి, లోపలి గోడకాడ..."

అక్కడ ఆగిపోయింది. మేకు కనిపించింది ఆమెకి. మేకుకి వేలాడుతున్న గుత్తి, దాని కింద మెడ దాకా దుప్పటి కప్పుకుని నిద్రపోతున్న పిల్ల. ప్రకాష్ అనువదించాల్సిన అవసరం లేకపోయింది. ఆఫీసరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

జగ్దల్‌పూర్‌లో ఆసుపత్రిలో అందరికీ రక్తం తీశారు. యేసుపాదాన్ని అట్నుంచి అటే ముంబై పంపారు. తొడలో కండ చచ్చిపోతుందనీ, కోసి వేరే చోటి నుంచి చర్మం వెయ్యాలనీ, కాలు మాత్రం నిలబడొచ్చనీ చెప్పారు. అది పాత ముక్క, బలం చాలావరకు అయిపోయినది కాబట్టి బతికిపోయారట. గురమ్మకి గొంతు పూత తప్ప ఇంకేం లేదు. అది టింక్చర్ చేసిన పని. గ్రేసీకి ఫరవాలేదు. రీనా రక్తంలో తెల్ల కణాలు తగ్గాయి. మళ్లీ పెరుగుతాయి, వారం వారం చూపించండి, భయపడకండి అన్నారు. భయపడకండి అన్న మాట విన్నాకే గ్రేసీకి అసలు భయం పట్టుకుంది.

ఆ సాయంత్రం వార్డులో గోడ మీది టీవీలో తన మొహం చూసుకుంది. ముక్కుకి తువ్వాలు కట్టుకుని, నోరు తెరిచి పరుగెడుతున్న తను. ఎవరో ఫోనులో తీసిందే. రేడియేషన్ బాంబుతో రైలెక్కబోయిన మహిళ అని కింద రాశారు. దీని వెనక ఎవరున్నారని నలుగురు కూర్చుని అరుచుకుంటున్నారు. పక్క మంచం మీది ఆమె మెల్లగా లేచి, పరుపు చుట్టుకుని వరండాలోకి వెళ్లిపోయింది.

అన్నయ్య బొబ్బిలి నుంచి ఫోను చేశాడు. బాగున్నావా అని అడిగి, చాలాసేపు నీళ్లు నమిలి, "ఇప్పుడప్పుడే రాకమ్మా. మీ వదిన పిల్లలున్నారని భయపడతన్నాది," అన్నాడు. గ్రేసీ సరే అన్నయ్యా అంది.

క్వార్టరుకి తిరిగి వచ్చాక కూడా అదే వరస. కొళాయి దగ్గరికి బిందె తీసుకెళ్తే ఆడవాళ్లు వాళ్ల బిందెలు తీసుకుని పక్కకి జరిగేవాళ్లు. తునికాకులు, ఇప్పపువ్వు తట్టలతో వచ్చి, గుమ్మంలో కూర్చుని నీళ్లడిగి తాగే కోసే అనే గిరిజన ఆమె కూడా ఆ వాకిలి ఆగకుండా దాటి పోయేది. బడిలో రీనాని వేరే బల్ల మీద కూర్చోబెట్టారు. తరవాత, కొన్నాళ్లు ఇంట్లోనే ఉంచమన్నారు.

ఒక రోజు జగ్దల్‌పూర్ నుంచి ఒక విలేకరి కెమెరా పట్టుకొచ్చాడు. గ్రేసీకి ఆశ పుట్టింది. చీర మార్చుకుని కూర్చుంది. రాని హిందీలో, తడుముకుంటూ, తనకి తెలిసినదంతా చెప్పింది. అది గాలి కాదు. చిన్న ముక్క. అలాంటిది దొరికితే ముట్టుకోవద్దు, దూరంగా పోయి పోలీసులకి చెప్పండి. నా బిడ్డని ముట్టుకుంటే ఎవరికీ ఏమీ కాదు. రెండోసారి కూడా చెప్పింది. అతను తల ఊపి, ఈమె ఏడుస్తుందేమోనని కాసేపు చూసి, రీనాని కిటికీ ఊచలు పట్టుకుని నిలబడమన్నాడు. టీవీలో వచ్చింది ఆ ఊచల బొమ్మ ఒక్కటే. గ్రేసీ పెదాలు కదులుతున్నాయి గాని మాట వినిపించలేదు. దాని మీద ఇంకెవరి గొంతో విషాదంగా ఏదో చెప్తోంది.

గ్రేసీ టీవీ తీగ పీకేసింది. ఆ తరవాత మళ్లీ పెట్టలేదు.

వానలు పడ్డాయి. రీనా రక్తం నెమ్మదిగా కోలుకుంటోందని చెప్పారు. యేసుపాదం ముంబై నుంచి ఫోనులో, కర్ర పట్టుకుని నాలుగడుగులు వేశానన్నాడు. అంతా గట్టెక్కుతున్నట్టే ఉన్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం రీనా ఉన్నట్టుండి వణకడం మొదలుపెట్టింది. దుప్పటి మీద దుప్పటి కప్పినా పళ్లు టకటకలాడుతున్నాయి. ఆ వెనకే ఒళ్లు పేలిపోయే జ్వరం.

గురమ్మ మోకాళ్ల మీద కూలబడింది. "అదేనే. అది లోపల దాక్కుని ఇప్పుడు బయటికొచ్చినాది."

టీవీ తీసేసినా ఆ నల్లబడే మనిషి బొమ్మ గ్రేసీ లోపల తిరుగుతూనే ఉంది. పిల్లని కొంగులో చుట్టి ఎత్తుకుని వానలోనే బయల్దేరింది. ఆటోవాడు ఎవరో గుర్తుపట్టి ఎక్కించుకోనన్నాడు. నడిచింది. రోడ్డు మీద ఎర్రటి నీళ్లు మోకాలి దాకా చిమ్ముతున్నాయి. దవాఖానాకి చేరేసరికి పిల్ల కళ్లు సగం మూతలు పడ్డాయి.

అక్కడి నర్సు ఇర్మె, రీనా వేలి మీద చిన్న సూది గుచ్చి, ఒక చుక్క రక్తం పట్టీ మీద వేసింది. గ్రేసీ గోడకి ఆనుకుని నిలబడింది. ప్రార్థన చేద్దామంటే మాటలు రావడం లేదు. మంచం లాగిన చప్పుడు చెవుల్లో మోగుతోంది. ఈ చేతులతోనే లాగాను, ఈ చేతులతోనే అనుకుంది.

ఇర్మె పట్టీ వెలుతురులో పట్టి చూసింది. "మలేరియా," అంది.

"ఏటి?"

"మలేరియా హై. ఫాల్సిపారమ్ రకం. గట్టిదే, కానీ టైముకి తెచ్చావు. ఇప్పుడే మందు మొదలెడతాను."

గ్రేసీ నేల మీద కూర్చుండిపోయి భోరుమంది. ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వు వచ్చేసింది. మలేరియా! కిందటేడు శ్యామ్‌ప్రసాద్‌కి వచ్చిందే, యేసుపాదానికి రెండు సార్లు వచ్చి పోయిందే, అందరికీ తెలిసిన, మాత్ర ఉన్న జబ్బు. ఇర్మె ఆశ్చర్యంగా చూసింది.

"ఏమ్మా, ఇక్కడ పిల్లల్ని చంపే జ్వరం ఇదే. దీనికి నవ్వుతావేంటి?"

"నీకు తెల్దమ్మా," అంది గ్రేసీ కళ్లు తుడుచుకుంటూ. "మందియ్యి. ఎన్ని రోజులెయ్యాలో సెప్పు, ఒక్క పూట కూడా తప్పనివ్వను."

మూడో రోజుకి జ్వరం జారింది. రీనా లేచి కూర్చుని ఆకలేస్తోందంది. గ్రేసీ ముందు గది కిటికీ రెక్కలు రెండూ బార్లా తీసింది. వాన వెలిసి, కొండ మీంచి చల్లటి గాలి కొట్టింది. పిల్ల ముడుచుకుంటే కప్పబోయి, ఆగి, చేత్తో నుదురు తడిమి చూసింది. చల్లగానే ఉంది.

గుమ్మంలో అలికిడైంది. కల్యాణి. చేతిలో మూత పెట్టిన గిన్నె ఉంది. గడప అవతలే నిలబడింది.

"మలేరియాయేనంట కదా, నర్సమ్మ సెప్పినాది. బార్లీ కాసి తెచ్చినాను."

"లోపలికి రా వొదినా," అంది గ్రేసీ.

కల్యాణి గది నాలుగు మూలలూ కళ్లతోనే వెతికింది. పాదం ఎత్తి, మళ్లీ దించింది. గిన్నె గడప మీద పెట్టి, "సల్లారిపోతాది, బేగి పట్టు," అని, వెళ్లకుండా అక్కడే మెట్టు మీద కూర్చుంది.

గ్రేసీ గిన్నె తీసుకుని, గడప ఇవతల కూర్చుని, పిల్లని పిలిచింది.